క్లబ్ వరల్డ్‌కప్‌: ఖండాల చాంపియన్లు తలపడితే గెలుపు ఎప్పుడూ యూరప్‌దేనా? ఆక్లాండ్ డ్రా నుంచి చెల్సీ టైటిల్ దాకా అసలు కథ ఇదీ..

తొలి మ్యాచ్‌లో 10 గోల్స్ సమర్పించుకుంది. రెండో మ్యాచ్‌లో మరో 6. అయినా మూడో మ్యాచ్ ముగిశాక ఆ జట్టు ఆటగాళ్లు కప్పు గెలిచినంత సంబరం చేసుకున్నారు. ఎందుకో తెలుసా? ఆ మ్యాచ్ వాళ్లు గెలవలేదు, డ్రా చేసుకున్నారు. అంతే. కానీ ఎదురుగా ఉన్నది అర్జెంటీనా దిగ్గజం బోకా జూనియర్స్!

2025 జూన్ 24న అమెరికాలోని నాష్‌విల్లేలో జరిగిందీ మ్యాచ్. న్యూజిలాండ్‌కు చెందిన ఆక్లాండ్ సిటీ జట్టులో చాలామందికి ఫుట్‌బాల్ అసలు ఉద్యోగమే కాదు. పగలంతా ఎవరి పని వాళ్లది, సాయంత్రం ప్రాక్టీస్. టోర్నీ కోసం ఆఫీసుల్లో సెలవు పెట్టి వచ్చిన వాళ్లున్నారు. అలాంటి జట్టులో డిఫెండర్ క్రిస్టియన్ గ్రే, టీచర్ కావడానికి శిక్షణ తీసుకుంటున్న ఆటగాడు, కార్నర్ కిక్‌కు తల తగిలించి బంతిని బోకా వలలోకి పంపాడు. స్కోరు 1-1. అదే స్కోరుతో మ్యాచ్ ముగిసింది. ఆ వీడియో క్లిప్ మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటుంది.

ఇంతకీ ఒక పార్ట్‌టైమ్ జట్టు, బోకా జూనియర్స్ ఒకే గ్రూప్‌లోకి ఎలా వచ్చాయి? ఈ టోర్నీ ఎప్పుడు మొదలైంది? దీన్ని గెలిస్తే నిజంగానే ప్రపంచ చాంపియన్ అయినట్టేనా? వివరంగా చూద్దాం.

అసలేంటీ క్లబ్ వరల్డ్‌కప్‌?

మనకు బాగా తెలిసిన ఫిఫా వరల్డ్‌కప్‌లో ఆడేది దేశాల జట్లు. అర్జెంటీనా, ఫ్రాన్స్, బ్రెజిల్ లాంటివి. క్లబ్ వరల్డ్‌కప్‌లో ఆడేవి మాత్రం క్లబ్‌లు. రియల్ మాడ్రిడ్, చెల్సీ, ఫ్లమెంగో, అల్ హిలాల్ లాంటివన్నమాట.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను ఫిఫా ఆరు సమాఖ్యలుగా విభజించింది. యూరప్, దక్షిణ అమెరికా, ఆసియా, ఆఫ్రికా, ఉత్తర-మధ్య అమెరికా-కరీబియన్, ఓషియానియా. ప్రతి సమాఖ్యకూ సొంత చాంపియన్స్ లీగ్ ఉంది. దక్షిణ అమెరికాలో దాని పేరు కోపా లిబర్టడోరెస్. ఈ లీగ్‌లలో గెలిచిన వాళ్లను ఒక్కచోటికి చేర్చి, వీళ్లందరిలో మొనగాడెవరో తేల్చడమే ఈ టోర్నీ ఉద్దేశం.

క్రికెట్ భాషలో చెప్పాలంటే.. 2009 నుంచి 2014 వరకు జరిగిన చాంపియన్స్ లీగ్ టీ20 గుర్తుందా? ఐపీఎల్ జట్లు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, వెస్టిండీస్ దేశవాళీ జట్లతో తలపడేవి. 2009లో తొలి ఫైనల్ మన హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియంలోనే జరిగింది. న్యూసౌత్‌వేల్స్ కప్పు ఎగరేసుకుపోయింది. ఇది కూడా అలాంటిదే. కాకపోతే ఆ క్రికెట్ టోర్నీ ఆరేళ్లకే మూతపడింది. ఫుట్‌బాల్‌లో ఈ కథకు 60 ఏళ్లు దాటాయి.

1960లో ఇద్దరితోనే మొదలైంది..

మొదట్లో ఇది రెండు ఖండాల మధ్య పోటీ మాత్రమే. యూరప్ చాంపియన్, దక్షిణ అమెరికా చాంపియన్. పేరు ఇంటర్‌కాంటినెంటల్ కప్. 1960లో తొలి కప్పు రియల్ మాడ్రిడ్‌ది. ఉరుగ్వే క్లబ్ పెనరోల్‌తో మాంటెవీడియోలో 0-0తో డ్రా చేసుకుని, సొంతగడ్డపై 5-1తో చిత్తు చేసింది.

ఆ తర్వాత వచ్చాడు పీలే. 1962లో బ్రెజిల్ క్లబ్ శాంటోస్, పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాను లిస్బన్‌లోనే 5-2తో ఓడించింది. అందులో పీలే హ్యాట్రిక్ కొట్టాడు. మరుసటి ఏడాది ఇటలీ క్లబ్ మిలాన్‌పైనా శాంటోస్‌దే గెలుపు. అప్పట్లో యూరప్ క్లబ్ అంటే దక్షిణ అమెరికాకు భయం లేదు. ఇంకా మాట్లాడితే యూరపే భయపడేది!

భయపడటానికి ఆట ఒక్కటే కారణం కాదు, కొట్లాటలు కూడా. 1967లో స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్, అర్జెంటీనా క్లబ్ రేసింగ్ మధ్య జరిగిన ప్లేఆఫ్‌లో రిఫరీ ఒకరి తర్వాత ఒకరిని మైదానం నుంచి పంపించేశాడు. 1969లో ఎస్టుడియంటెస్‌తో మ్యాచ్‌లో మిలాన్ ఆటగాడు నెస్టర్ కాంబిన్ ముఖం రక్తమోడింది. ఆ గొడవకు ఎస్టుడియంటెస్ ఆటగాళ్లు కొందరు జైలుకు కూడా వెళ్లారు. దీంతో 1970ల్లో అజాక్స్, బయెర్న్ మ్యూనిక్ లాంటి క్లబ్‌లు కొన్నేళ్లు 'మేం రాం' అనేశాయి. వాళ్ల బదులు రన్నరప్ జట్లు ఆడాయి. 1974లో అలా బయెర్న్ బదులు వచ్చిన అట్లెటికో మాడ్రిడ్ ఏకంగా కప్పే గెలిచేసింది. 1975, 1978ల్లో పోటీ అసలు జరగనే లేదు.

చివరకు 1980 నుంచి వేదిక జపాన్‌కు మారింది. టయోటా స్పాన్సర్‌గా వచ్చింది. రెండు మ్యాచ్‌ల పద్ధతి పోయి, తటస్థ వేదికపై ఒక్కటే మ్యాచ్ అయింది. 2004 వరకు ఇదే నడిచింది.

లెక్క చూస్తే ఆశ్చర్యపోతారు!

1960 నుంచి 2004 వరకు మొత్తం 43 సార్లు ఈ కప్పు జరిగింది. దక్షిణ అమెరికా 22 సార్లు, యూరప్ 21 సార్లు గెలిచాయి. అంటే నువ్వా నేనా అన్నట్టు సాగిన పోరు ఇది.

కానీ ఈ లెక్కను రెండు ముక్కలు చేసి చూడండి. 1995 వరకు స్కోరు 20-14. దక్షిణ అమెరికాదే పైచేయి. 1996 నుంచి 2004 వరకు జరిగిన 9 కప్పుల్లో మాత్రం యూరప్ 7 గెలిచింది, దక్షిణ అమెరికా 2తో సరిపెట్టుకుంది. సీన్ మొత్తం రివర్స్!

1995లో ఏం జరిగింది?

ఆ ఏడాది డిసెంబర్‌లో యూరప్ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ వేసిన కేసు అది. కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడు ఫీజు లేకుండా వేరే క్లబ్‌కు వెళ్లొచ్చని, యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లను విదేశీయుల కోటా కింద లెక్కగట్టి ఆపకూడదని కోర్టు తేల్చింది. దాంతో క్లబ్‌లలో విదేశీ కోటా ఖాళీ అయింది. అదే సమయంలో యూరప్ లీగ్‌లకు టీవీ డబ్బు వరదలా వచ్చి పడింది. డబ్బుంది, చోటుంది. ఇంకేముంది, బ్రెజిల్, అర్జెంటీనా కుర్రాళ్లు 18, 19 ఏళ్లకే విమానం ఎక్కేయడం మొదలైంది.

పీలే తన ఆట బాగున్న రోజులన్నీ శాంటోస్‌లోనే గడిపాడు. ఇప్పటి బ్రెజిల్ కుర్రాడు అలా ఉంటాడా? ఉండడు. ఉండమని అడిగే స్తోమత అక్కడి క్లబ్‌కూ లేదు. విత్తనం వేసేది ఒకరు, కోత కోసుకునేది ఇంకొకరు. ఈ టోర్నీ చరిత్రను అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి మిగతా ఖండాల సంగతేంటి?

నిజమే, ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా రెండు ఖండాల ముచ్చటే. ఆసియా, ఆఫ్రికా, ఓషియానియా క్లబ్‌లకు తలుపు తెరిచింది 2000లో. ఫిఫా తొలి క్లబ్ వరల్డ్ చాంపియన్‌షిప్‌ను బ్రెజిల్‌లో 8 జట్లతో పెట్టింది. ఇంగ్లాండ్‌లో ఎంతో ప్రతిష్ఠ ఉన్న ఎఫ్‌ఏ కప్‌ను వదులుకుని మరీ మాంచెస్టర్ యునైటెడ్ వచ్చింది. గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టింది. మారకానాలో జరిగిన ఫైనల్లో వాస్కోడగామాను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కొరింథియన్స్ విజేతగా నిలిచింది.

2001లో స్పెయిన్‌లో జరగాల్సిన రెండో టోర్నీ రద్దయింది. ఫిఫా మార్కెటింగ్ భాగస్వామి దివాలా తీయడం ఇందుకు ఒక పెద్ద కారణం. 2005లో జపాన్‌లో మళ్లీ మొదలై, 2023 దాకా ఆరేడు జట్లతో నడిచింది. 2005లో సావో పాలో.. లివర్‌పూల్‌ను, 2006లో ఇంటర్నేషనల్.. బార్సిలోనాను 1-0తో ఓడించి షాకిచ్చాయి. 2012లో కొరింథియన్స్ అదే స్కోరుతో చెల్సీని ఓడించింది. ఆ తర్వాత యూరప్ బయటి క్లబ్ ఈ ట్రోఫీ ఎత్తింది లేదు!

అలాగని పసికూనలు ఊరికే వచ్చి వెళ్లలేదు. 2010లో కాంగో క్లబ్ టీపీ మజెంబే, బ్రెజిల్ క్లబ్ ఇంటర్నేషనల్‌ను 2-0తో ఓడించి ఫైనల్‌కు చేరింది. అక్కడి దాకా వెళ్లిన తొలి ఆఫ్రికా జట్టు అదే. గోల్ పడగానే కింద కూర్చుని ఎగురుతూ ముందుకు వెళ్లే గోల్‌కీపర్ కిడియాబా సంబరం ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతూనే ఉంటుంది. 2013లో మొరాకో క్లబ్ రాజా కాసాబ్లాంకా, రొనాల్డినో ఉన్న అట్లెటికో మినీరోను 3-1తో ఇంటికి పంపింది. 2016 ఫైనల్లో జపాన్ క్లబ్ కషిమా, రియల్ మాడ్రిడ్‌ను అదనపు సమయం దాకా లాక్కెళ్లింది. రొనాల్డో హ్యాట్రిక్ కొడితే తప్ప రియల్ బయటపడలేదు.

ఇక మన కథానాయకులు ఆక్లాండ్ సిటీ విషయానికొస్తే.. 2014లో మొరాకోలో జరిగిన టోర్నీలో మూడో స్థానం వాళ్లదే. మెక్సికో క్లబ్ క్రజ్ అజుల్‌ను షూటౌట్‌లో ఓడించారు. నాష్‌విల్లే డ్రా గాలివాటంగా వచ్చింది కాదన్నమాట.

2025లో ఏం మారింది?

అంతా మారింది. 7 జట్ల టోర్నీ కాస్తా 32 జట్ల మెగా టోర్నీ అయింది. ఏడాదికోసారి జరిగేది నాలుగేళ్లకోసారికి మారింది. జూన్ 14 నుంచి జులై 13 వరకు అమెరికాలో మొత్తం 63 మ్యాచ్‌లు.

సీట్ల పంపకం ఇలా జరిగింది. యూరప్‌కు 12, దక్షిణ అమెరికాకు 6, ఆసియా, ఆఫ్రికా, ఉత్తర-మధ్య అమెరికాలకు తలా 4, ఓషియానియాకు 1, ఆతిథ్య దేశం కోటాలో 1. ఆ చివరి సీటు మెస్సీ జట్టు ఇంటర్ మయామీకి దక్కింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గత నాలుగేళ్ల చాంపియన్లకు మొదటి ప్రాధాన్యం. మిగిలిన సీట్లు నాలుగేళ్ల ర్యాంకింగ్‌ను బట్టి. ఖండం చాంపియన్లయితే తప్ప ఒక దేశం నుంచి ఇద్దరికి మించి కుదరదు. దీంతో 2025లో ఇంగ్లాండ్ చాంపియన్ లివర్‌పూల్, స్పెయిన్ చాంపియన్ బార్సిలోనా, ఇటలీ చాంపియన్ నాపోలి.. ముగ్గురికీ చోటు లేదు. ఆస్ట్రియా క్లబ్ సాల్జ్‌బర్గ్‌కు మాత్రం దక్కింది. మెక్సికో క్లబ్ లియోన్ అర్హత సాధించినా, పచుకా క్లబ్‌కూ యజమాని ఒక్కరే కావడంతో టోర్నీ నుంచి తప్పించారు.

మైదానంలో మాత్రం సంచలనాలకు కొదవ లేదు. అప్పుడే యూరప్ చాంపియన్‌గా నిలిచిన పీఎస్‌జీని బోటాఫోగో 1-0తో ఓడించింది. చెల్సీని ఫ్లమెంగో 3-1తో చిత్తు చేసింది. సౌదీ క్లబ్ అల్ హిలాల్ అదనపు సమయంలో 4-3తో మాంచెస్టర్ సిటీకి చెక్ పెట్టింది. బ్రెజిల్ నుంచి వెళ్లిన నాలుగు క్లబ్‌లూ నాకౌట్‌కు చేరాయి. 40 ఏళ్ల థియాగో సిల్వా నాయకత్వంలో ఫ్లూమినెన్స్.. ఇంటర్ మిలాన్‌ను ఓడించి సెమీస్ దాకా వచ్చింది.

ఆ సెమీస్‌లోనే అసలు ట్విస్ట్. చెల్సీ 2-0తో గెలిచింది. ఆ రెండు గోల్సూ కొట్టింది జోవో పెడ్రో. అతను ఎక్కడ ఆట నేర్చుకున్నాడో తెలుసా? ఫ్లూమినెన్స్ అకాడమీలోనే! టీనేజ్ దాటకుండానే ఇంగ్లాండ్ వెళ్లిపోయిన కుర్రాడు, తనను పెంచిన క్లబ్‌నే ఇంటికి పంపాడు. గోల్ కొట్టాక సంబరం చేసుకోలేదు. బోస్మన్ తీర్పు తర్వాత 30 ఏళ్లలో ఏం జరిగిందో ఆ ఒక్క మ్యాచ్ చెప్పేసింది.

ఫైనల్లో చెల్సీ 3-0తో పీఎస్‌జీని ఓడించింది. కోల్ పామర్ రెండు, జోవో పెడ్రో ఒక గోల్ కొట్టారు. మూడూ తొలి అర్ధభాగంలోనే.

డబ్బు ఎవరికి ఎంత?

మొత్తం ప్రైజ్‌మనీ 100 కోట్ల డాలర్లు. అప్పటి మారకం రేటు ప్రకారం మన లెక్కలో దాదాపు 8,600 కోట్ల రూపాయలు. ఇందులో 52.5 కోట్ల డాలర్లు కేవలం ఆడినందుకు. మిగతాది ఫలితాలను బట్టి. గ్రూప్‌లో గెలుపునకు 20 లక్షల డాలర్లు, డ్రాకు 10 లక్షలు. చాంపియన్ గరిష్టంగా 12.5 కోట్ల డాలర్ల వరకు సంపాదించే అవకాశం.

అసలు విషయం 'ఆడినందుకు' ఇచ్చే డబ్బులో ఉంది. అది అందరికీ సమానం కాదు!

యూరప్ క్లబ్‌లకు.. స్థాయిని బట్టి 1.28 కోట్ల నుంచి 3.82 కోట్ల డాలర్లు
దక్షిణ అమెరికా క్లబ్‌లకు.. 1.52 కోట్ల డాలర్లు
ఆసియా, ఆఫ్రికా, ఉత్తర-మధ్య అమెరికా క్లబ్‌లకు.. 95.5 లక్షల డాలర్లు
ఓషియానియా క్లబ్‌కు అంటే ఆక్లాండ్ సిటీకి.. 35.8 లక్షల డాలర్లు

అంటే బంతి కదలకముందే యూరప్ అగ్రశ్రేణి క్లబ్ ఖాతాలో సుమారు 330 కోట్ల రూపాయలు, ఆక్లాండ్ ఖాతాలో 30 కోట్లు. పదింతలకు పైగా తేడా. క్రిస్టియన్ గ్రే తలతో కొట్టిన ఆ ఒక్క గోల్ విలువ 10 లక్షల డాలర్లు!

ఫిఫా వైపు వాదన ఏంటంటే.. టీవీలు, స్పాన్సర్లు వచ్చేది పెద్ద క్లబ్‌ల మొహం చూసే కాబట్టి వాళ్లకు ఎక్కువ ఇవ్వాలి. టోర్నీలో ఆడని క్లబ్‌లకు పంచడానికి మరో 25 కోట్ల డాలర్లు పక్కన పెట్టామని కూడా చెప్పింది. ఇంకోవైపు వాదన చూడండి. తేడా తగ్గించడానికి పెట్టిన టోర్నీలోనే ఉన్నవాడికి పదింతలు ఇస్తే తేడా ఎప్పటికి తగ్గుతుంది? పైగా చిన్న దేశాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆక్లాండ్‌కు 30 కోట్లు చిన్న మొత్తమేమీ కాదు. లీగ్‌లో ఒక్క క్లబ్‌కే అంత డబ్బు వస్తే, పక్క క్లబ్‌లు దాన్ని ఎలా అందుకుంటాయి? యూరప్‌తో తేడా అలాగే ఉంటుంది, ఇంటి దగ్గర కొత్త తేడా మొదలవుతుంది.

వివాదాలూ తక్కువేం కాదు..

ఆటగాళ్లకు విశ్రాంతి లేకుండా క్యాలెండర్ నింపేస్తున్నారని ప్రపంచ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో, యూరోపియన్ లీగ్‌ల సంఘం కలిసి 2024 అక్టోబర్‌లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. అమెరికాలో మిట్టమధ్యాహ్నం ఎండలో మ్యాచ్‌లు పెట్టడంపై విమర్శలొచ్చాయి. పిడుగుల హెచ్చరికలతో పలు మ్యాచ్‌లు మధ్యలో ఆగాయి. చెల్సీ-బెన్‌ఫికా మ్యాచ్ దాదాపు రెండు గంటలు నిలిచిపోయింది.

ప్రేక్షకుల సంగతి మరీ విచిత్రం. ఫైనల్‌కు 81 వేల మందికి పైగా వచ్చారు. ఉల్సాన్-మమెలోడి సన్‌డౌన్స్ మ్యాచ్‌కు 3,412 మంది. చెల్సీ-ఫ్లూమినెన్స్ సెమీస్ టికెట్ ధరను దాదాపు 474 డాలర్ల నుంచి ఒక దశలో 13.40 డాలర్లకు దించేశారు! అయితే బోకా, ఫ్లమెంగో అభిమానులు ఎక్కడుంటే అక్కడ పండగే. వాళ్లకు ఇది నాలుగేళ్లకోసారి వచ్చే ఛాన్స్. యూరప్ అభిమానికి మాత్రం సెలవుల్లో వచ్చిన మరో టోర్నీ.

పాత కప్పు మళ్లీ వచ్చిందా?

వచ్చింది. చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. క్లబ్ వరల్డ్‌కప్‌ నాలుగేళ్లకోసారికి మారడంతో, ప్రతి ఏటా ఖండాల చాంపియన్ల కోసం 2024లో ఫిఫా ఇంటర్‌కాంటినెంటల్ కప్ పేరుతో విడిగా పోటీ మొదలుపెట్టింది. ఇందులో మిగతా ఖండాల చాంపియన్లు మెట్టు మెట్టు ఎక్కి రావాలి. యూరప్ చాంపియన్ మాత్రం నేరుగా ఫైనల్లో కూర్చుంటుంది.

2024 డిసెంబర్‌లో ఖతార్‌లో జరిగిన ఫైనల్లో రియల్ మాడ్రిడ్ 3-0తో మెక్సికో క్లబ్ పచుకాను ఓడించింది. 2025 డిసెంబర్‌లో పీఎస్‌జీకి ఫ్లమెంగో చుక్కలు చూపించింది. 1-1తో షూటౌట్‌కు వెళ్లిన మ్యాచ్‌లో గోల్‌కీపర్ సఫోనోవ్ నాలుగు పెనాల్టీలు ఆపితే గానీ పీఎస్‌జీ గెలవలేదు.

అన్నట్టు, 1960 నుంచి 2004 దాకా పాత ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచిన వాళ్లను కూడా ప్రపంచ చాంపియన్లుగా గుర్తిస్తున్నట్టు 2017లో ఫిఫా ప్రకటించింది. కాబట్టి పీలే శాంటోస్‌కూ ఆ హోదా ఉంది.

మన క్లబ్‌ల దారి ఎటు?

భారత క్లబ్ ఇప్పటివరకు ఈ టోర్నీలో అడుగుపెట్టలేదు. దారి మాత్రం ఒక్కటే. ఆసియాలో అగ్రశ్రేణి చాంపియన్స్ లీగ్ గెలవాలి, లేదా నాలుగేళ్ల ర్యాంకింగ్‌లో పైన ఉండాలి. 2021లో ఎఫ్‌సీ గోవా ఆసియా చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశ ఆడిన తొలి భారత క్లబ్ అయింది. 2022లో ముంబై సిటీ ఇరాక్ క్లబ్‌పై గెలిచి అక్కడ భారత్ తరఫున తొలి విజయం అందుకుంది.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచినప్పుడు తెలుగు అభిమానులు కూడా కలలు కన్నారు. ఆ కల ఎంతోకాలం నిలవలేదు. ఆర్థిక కష్టాల్లో పడిన ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్ బతికి ఉండటమే గగనమైన చోట ఆసియా చాంపియన్ కావడం గురించి మాట్లాడటం కష్టమే.

ఇంతకీ ప్రపంచ చాంపియన్ ఎవరు?

రికార్డుల ప్రకారం చెల్సీ. అందులో డౌట్ లేదు, మైదానంలో గెలిచి తీసుకున్న టైటిల్ అది. కానీ అదే చెల్సీ గ్రూప్‌లో ఫ్లమెంగో చేతిలో ఓడింది. సెమీస్‌లో ఫ్లూమినెన్స్ పెంచిన కుర్రాడి కాళ్లతో గెలిచింది. ఖండాల మధ్య ప్రతిభలో కాదు, ఆ ప్రతిభను అట్టిపెట్టుకునే స్తోమతలోనే తేడా ఉందని ఈ టోర్నీ తేల్చి చెప్పింది. తదుపరి టోర్నీ 2029లో. అప్పటికైనా డబ్బు పంపకంలో ఆ పదింతల తేడా తగ్గుతుందా, లేదా అన్నదే చూడాలి.

ఆక్లాండ్ సిటీ మాత్రం తన లెక్క తాను చూసుకుంది. మూడు మ్యాచ్‌లు, 17 గోల్స్ సమర్పణ, కొట్టింది 1. ఆ ఒక్క గోల్‌తో ఇంటికి బయల్దేరింది. ఇక సెలవులు అయిపోయాయి. ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్లాలి కదా మరి!